తవుడు తిన్న తల్లులు, పగిలిన గిట్టలు: నల్లగొండ జిల్లా సీమ పందుల ఫారంలో ఒక బయోటిన్ లోపం కేసు

మే నెల రెండో వారంలో, నల్లగొండకూ మిర్యాలగూడకూ మధ్య ఉన్న ఒక గ్రామం నుంచి ఒక పెంపకందారు ఫోన్ చేసి, "తల్లులు లేస్తలేవు సారూ, లేసినా నిలవడ్తలేవు" అని చెప్పారు. అప్పటికి నెల రోజులుగా నొప్పి సూదులు వేయిస్తున్నారు. సూది వేసిన మూడు రోజులు పంది నడిచేది, నాలుగో రోజు మళ్లీ కూలబడేది. నేను వెళ్లేనాటికి ఫారంలో 38 తల్లి పందులు, 2 మగ పందులు ఉండగా, వాటిలో 14 తల్లులు స్పష్టంగా కుంటుతున్నాయి. 9 తల్లులకు వీపు మీదా తొడల మీదా వెంట్రుకలు రాలి, చర్మం గోధుమరంగు పొలుసులతో జిడ్డుగా ఉంది. అన్నీ లార్జ్ వైట్ యార్క్‌షైర్ సంకరజాతివే. ఎదుగుతున్న పిల్లలు మాత్రం నున్నగా, చురుగ్గా ఉన్నాయి. ఈ తేడాయే చివరకు రోగాన్ని పట్టించింది కాబట్టి ముందే చెబుతున్నాను.

రెండో ఈత ఈని పాలు మాన్పించిన ఒక తల్లిని పక్కకు ఒత్తిగిల్లజేసి, వెనుక కాలి గిట్టను కడిగించి చూశాను. బయటివైపు గిట్ట లోపలిదానికంటే పెద్దగా పెరిగి, గోడ మీద పైనుంచి కిందికి నిలువుగా ఒక పగులు సగం దాకా దిగి ఉంది. గిట్ట గోడా అడుగూ కలిసే తెల్ల గీత వెంట బుర్ర మేకు దూరేంత సందు ఏర్పడి, అందులో నల్లటి పెంట గడ్డకట్టి కుళ్లు వాసన కొడుతోంది. గట్టిగా ఉండాల్సిన మడమ మెత్త నానిన రబ్బరు చెప్పులా ఉంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది, పంది కాలు విదిల్చి అరిచింది. అదే పంది నాలుక పైన అడ్డంగా సన్నని చీలికలు కనిపించాయి. వీపు మీద మిగిలిన వెంట్రుకలను చిటికెతో లాగితే కుదుళ్లతో సహా ఊడిరాలేదు, మధ్యకు విరిగాయి. పెళుసు వెంట్రుక, మెత్తబడిన గిట్ట, చీలిన నాలుక, ఈ మూడూ ఒకే ఒంట్లో కనిపించినప్పుడు గిట్టకూ వెంట్రుకకూ గట్టిదనాన్నిచ్చే కొమ్ము పదార్థం (కెరాటిన్) తయారయ్యే చోటే ఏదో తప్పిందన్న ఆలోచన కలిగింది.

అయితే నల్లగొండ జిల్లాలో మనిషి కుంటినా గొడ్డు కుంటినా అనుమానం ముందు నీళ్ల మీదికే పోతుంది, పోవడం సహజం కూడా. పటికా సున్నమూ కలిపి నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు వచ్చిందంటే ఈ నేల నీటి కథ ఎంత పాతదో అర్థమవుతుంది. యజమాని కూడా బోరు నీళ్లే కారణమని దాదాపు తేల్చుకుని ఉన్నారు. కానీ ఈ ఫారానికి రెండేళ్లుగా వస్తున్నది కృష్ణా నీళ్లు. తొట్టి నీటిని పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితికి బాగా దిగువనే తేలింది. పళ్ల మీద మచ్చలు లేవు, కాళ్ల ఎముకల మీద గడ్డలు చేతికి తగలలేదు. ఫ్లోరైడ్ ఎముకనూ పంటినీ పట్టుకుంటుందే గాని వెంట్రుకను పెళుసు చేయదు, నాలుకను చీల్చదు.

గాలికుంటు అయి ఉంటే జ్వరం వచ్చేది, మూతి మీద, గిట్టల పైఅంచున బొబ్బలు కనిపించేవి, నాలుగు రోజుల్లో షెడ్డంతా పాకేది. ఇక్కడ కుంటడం వారాల తరబడి ఒక్కొక్కటిగా పెరిగింది. గజ్జి కాదని తేల్చుకోవడానికి చెవి లోపలి నుంచి చర్మాన్ని గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి మైక్రోస్కోప్ కింద ఆరు నమూనాలు చూశాను. ఒక్క పురుగూ కనిపించలేదు. ఇక మిగిలిన గట్టి అనుమానం జింకు లోపం. తవుడులో జింకును పట్టి ఉంచే ఫైటేట్ ఎక్కువ, దానికి సున్నపు పొడి తోడైతే జింకు ఒంటికి పట్టక చర్మం పెచ్చులు కడుతుంది. అయితే అది ఎక్కువగా రెండు నుంచి నాలుగు నెలల పిల్లల్లో వచ్చేది. ఇక్కడ ఆ వయసు పిల్లలే ఆరోగ్యంగా ఉన్నాయి.

పిల్లలకు ఏం పెడుతున్నారని అడిగితే, బజారులో కొన్న గుళికల దాణా అన్నారు. తల్లులకూ మగ పందులకూ మాత్రం ఇంట్లో కలిపిన దాణా. నీళ్లు ఒకటే, షెడ్డు ఒకటే, పనిచేసే మనుషులు వాళ్లే. రెండు మగ పందుల గిట్టల మడమలు కూడా, అవి ఇంకా కుంటడం మొదలుపెట్టకపోయినా, మెత్తబడే ఉన్నాయి. అక్కడితో నీళ్లను వదిలేసి దాణా గదిలోకి వెళ్లాను.

కిందటి నవంబరు దాకా తల్లుల దాణాలో నూటికి 60 పాళ్లు మక్కలు, 15 సోయా చెక్క, 22 తవుడు, మిగతావి ఖనిజ లవణాలు ఉండేవి. దానికి బి కాంప్లెక్స్ పొడి విడిగా కలిపేవారు. వానకాలం వడ్లు మరకు వచ్చి మిర్యాలగూడ మిల్లుల దగ్గర తవుడు చవకగా దొరికినప్పుడు లెక్క మారింది. తవుడు 55 పాళ్లు, మక్కలు 25, సోయా 5, మిగిలిన 15 పాళ్లలో కొంత ఖనిజ లవణాలు, ఎక్కువ భాగం పట్టణంలోని రసం దుకాణాల నుంచి తెచ్చి ఎండబెట్టిన బత్తాయి పిప్పి. ఖర్చు ఒక్కటే కారణం కాదు. చూలు పందులకు కొలిచి పెడతాం కాబట్టి వాటికి ఎప్పుడూ ఆకలే, ఇనుప కడ్డీలను కొరుకుతూ అరుస్తుంటాయి. పీచు పెరిగాక అవి కడుపు నిండి పడుకున్నాయి, మలబద్ధకం పోయింది, ఈతలు సులువయ్యాయి. యజమాని గమనించిన ఈ లాభాలు నిజమైనవే, పీచుకు ఆ గుణం ఉన్నదే. ఆ మార్పును నేను తప్పు పట్టలేదు, పట్టను కూడా.

బి కాంప్లెక్స్‌ను ఆపడం మాత్రం వేరే సంగతి. పీచు పెద్దపేగులో పులిసి, అక్కడి సూక్ష్మజీవులు బి విటమిన్లన్నీ తయారుచేస్తాయని, కనుక కొనాల్సిన పని లేదని ఎవరో ఆయనకు చెప్పారట. మిగిలింది కోళ్లకు వాడే ఏబి2డి3కె పొడి మాత్రమే. పేరులో ఏముందో సంచిలోనూ అంతే ఉంటుంది: విటమిన్ ఏ, బి2, డి3, కె. చర్మం, వెంట్రుకలు, గిట్టలు గట్టిగా ఉండడానికి కావలసిన బి విటమిన్ బయోటిన్; దాని పేరు లేబుల్ మీద ఎక్కడా లేదు.

యజమాని తెలివైనవారు. నేను బయోటిన్ మాట ఎత్తగానే ఫోన్ తీసి పోషకాల పట్టిక చూపించారు. కిలో మక్కల్లో సుమారు 0.06 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటే తవుడులో 0.35 దాకా ఉంటుంది. అంటే ఆరు రెట్లు. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012లో ప్రచురించిన అవసరాల ప్రకారం తల్లి పందికి కిలో దాణాలో 0.20 మిల్లీగ్రాములు చాలు. ఆయన కొత్త దాణాను ఆ పట్టికతో లెక్కవేస్తే కిలోకు సుమారు 0.22 వస్తుంది. "మరి ఎట్ల తక్కువైతది సార్?" అని ఆయన అడిగిన ప్రశ్నే ఈ కేసంతటికీ కీలకం. దానికి జవాబు ఒక్కటి కాదు. ఒకదాని మీద ఒకటి పడిన నాలుగైదు నష్టాలున్నాయి.

మొదటిది, ఆ తవుడు తవుడే కాదు. పిడికెడు తీసి గాజు గ్లాసు నీళ్లలో వేస్తే పైన తెట్టుగా ఊక తేలింది. ఫ్లోరోగ్లూసినాల్ ద్రావణం చుక్కలు వేసి చూస్తే ఎర్రగా తిరిగింది. ఊకలోని లిగ్నిన్ అనే చెక్కలాంటి గట్టి పదార్థానికి ఆ రంగు వస్తుంది, ఊక ఎంత ఎక్కువైతే ఎరుపు అంత చిక్కన. మంచి తవుడుతో పక్కపక్కన పెట్టి పోలిస్తే, పైకి తేలినదాన్ని ఎండబెట్టి తూచితే, బస్తాలో నూటికి 40 పాళ్ల వరకు ఊకే ఉండవచ్చని అంచనాకు వచ్చాను. ఊకలో పందికి పనికొచ్చే బయోటిన్ లేదు, ఉన్నదల్లా లిగ్నిను, ఇసుక గుణమున్న సిలికా. ఆ లెక్క సరిచేస్తే కిలో దాణాలోని బయోటిన్ 0.22 నుంచి 0.15 దగ్గరికి పడిపోతుంది.

రెండోది డబ్బా. దాణా పెట్టే కూలీ రెండు లీటర్లు పట్టే నూనె డబ్బాను కోసి కొలతగా వాడుతున్నాడు. తల్లికి పూటకొక డబ్బా, రోజుకు రెండు. "ఎప్పటి డబ్బానే సారూ, ఎప్పటి లెక్కనే" అన్నాడు, అబద్ధం కాదు. పాత దాణాకు కావలసిన సరుకును అక్కడే కలిపించి అదే డబ్బాతో తూస్తే కిలోంపావు తూగింది. కొత్త దాణా 850 గ్రాములే తూగింది. ఊకా తవుడూ ఉబ్బుగా ఉంటాయి కాబట్టి కంటికి నిండుగా కనిపిస్తాయి. రోజుకు రెండున్నర కిలోలు తిన్న పంది ఇప్పుడు కిలో ఏడు వందల గ్రాములు తింటోంది. బరువు తగ్గినా పొట్ట నిండుగా వేలాడుతుండడంతో చిక్కిన సంగతి ఎవరికీ పట్టలేదు. వెన్నెముక మీద చెయ్యి పెట్టి చూస్తే ముళ్లు తగిలాయి. 0.15ను 1.7తో గుణిస్తే రోజుకు పావు మిల్లీగ్రాము. పట్టిక ప్రకారం కావలసినది, పంది రోజుకు 2.2 కిలోలు తింటుందనుకుంటే, 0.44.

మూడోది, ఆ పావు మిల్లీగ్రాములోనూ ఎంత రక్తంలోకి చేరుతుందన్నది. ధాన్యాల్లో బయోటిన్ చాలావరకు మాంసకృత్తులకు అంటుకుని, ఆ మాంసకృత్తులు కణాల గోడల వెనుక ఉంటాయి. పంది సొంత ఎంజైములు పీచు గోడను ఛేదించలేవు. గింజను మెత్తగా మర పట్టినప్పుడు కొంత గోడ చిట్లుతుంది. ముతక తవుడులో అదీ జరగదు. దానికి తోడు కరగని పీచు పేగులో మేతను తొందరగా ముందుకు నెడుతుంది కాబట్టి ఎంజైములకు దొరికే సమయమూ తగ్గుతుంది. గోధుమలో బయోటిన్ లెక్కకు బాగానే ఉన్నా ఒంటికి దక్కేది చాలా తక్కువని కోడిపిల్లల మీద చేసిన పరీక్షల్లో ఎప్పుడో తేలింది. సోయాలోది దానికంటే బాగా దక్కుతుంది. ఇక్కడ తగ్గించింది ఆ సోయానే. ఇదే కథ నియాసిన్ అనే మరో బి విటమిన్‌కూ వర్తిస్తుంది. పట్టికలో తవుడును చూస్తే నియాసిన్ గని అనిపిస్తుంది, కానీ అది ఎక్కువగా బంధంలో ఉన్న రూపం.

ఇక పెద్దపేగు సూక్ష్మజీవుల సంగతి. యజమానికి ఎవరో చెప్పిన మాటలో సగం నిజముంది, సగం నిజమే ప్రమాదం. పీచు పులిసినప్పుడు అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ ఆమ్లాలతో పాటు బి విటమిన్లూ, విటమిన్ కె కూడా అక్కడ తయారవుతాయి. పెంటలో బయటికి పోయే బయోటిన్ ఒక్కోసారి తిన్నదానికంటే ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. అయితే విటమిన్లను ప్రధానంగా పీల్చుకునే చోటు చిన్నపేగు. అది దాటాక తయారైన సరుకు, ఊరు దాటాక వచ్చిన బస్సులాంటిది. పెద్దపేగు గోడ బయోటిన్‌ను అసలే పీల్చదని కాదు. కానీ పెద్దపేగు మొదటి భాగమైన అంధాంత్రంలోకి నేరుగా బయోటిన్ ఇచ్చి చూసిన ప్రయోగాల్లో, నోటి ద్వారా ఇచ్చినప్పటంత ఫలితం రాలేదు. పైగా ఇక్కడి పీచులో పెద్ద భాగం ఊక. లిగ్నిన్‌ను పంది పేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టలేవు. పులియని పీచు నుంచి విటమిన్ ఎక్కడిది?

పంది ఈ చిక్కును తనదైన పద్ధతిలో పరిష్కరించుకుంటుంది, పెంట తిని. చెప్పడానికి రోతగా ఉన్నా, పెద్దపేగులో తయారైన విటమిన్ మళ్లీ నోటి గుండా చిన్నపేగుకు చేరే దారి అదే. మన పల్లెల్లో నాటు పందులు ఏ ప్రీమిక్స్ (విటమిన్లూ ఖనిజాలూ కలిపిన పొడి) లేకుండానే గట్టి గిట్టలతో తిరుగుతుంటే, వేల రూపాయల సీమ పంది మంచాన పడడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. ఈ ఫారంలో అదే చలికాలంలో పాత ఇటుక నేలను తీసి కాంక్రీటు స్లాట్లు (మధ్యలో సందులున్న పలకలు) వేశారు, రోజుకు రెండుసార్లు నీళ్ల ప్రెషరుతో కడుగుతున్నారు. శుభ్రత పెరిగింది, పురుగులు తగ్గాయి. ఆ చిన్న దారీ మూసుకుపోయింది. స్లాట్ల అంచులు కొత్తవి, గరుకువి. వాటి మీద బలహీనపడిన గిట్ట ఎన్నాళ్లు నిలుస్తుంది?

మిగిలింది వేసవి. దాణా గదిలో తవుడు బస్తాలు నెలకు పైగా రేకుల కింద ఉన్నాయి. మూట విప్పగానే ముక్కిన వాసన గుప్పున కొట్టింది. నూనె తీయని తవుడులో కొవ్వును విడగొట్టే లైపేజ్ అనే ఎంజైము బియ్యం పాలిష్ పట్టిన గంటల్లోనే పని మొదలుపెడుతుంది. ముక్కిన కొవ్వు విటమిన్ ఇ ని నాశనం చేస్తుందని చాలామందికి తెలుసు, బయోటిన్‌ను కూడా పనికిరాకుండా చేస్తుందన్నది అంతగా తెలియదు. దీనికి బత్తాయి పిప్పిలోని పెక్టిన్ తోడైంది. కరిగే పీచు పేగులో జిగురుగా మారి పైత్యరస లవణాలను పట్టేస్తుంది, కొవ్వూ కొవ్వులో కరిగే విటమిన్లూ పీల్చుకోవడం తగ్గుతుంది. పెక్టిన్ ఎక్కువైన మేతతో విటమిన్ ఇ స్థాయి పడిపోవడం ఎలుకల్లో చూశారు. ఈ తల్లుల ఈతల్లో పుట్టినప్పుడే బలహీనంగా, చన్ను పట్టలేని పిల్లలు కొన్ని ఉన్నాయని యజమాని చెప్పారు. తల్లులు చిక్కి ఉండడమూ అందుకు కారణం కావచ్చు కాబట్టి, దాన్ని ఒక్క విటమిన్ ఇ మీదికే నెట్టలేదు.

రక్తంలో బయోటిన్ కొలిచే వీలు నాకు లేదు. లక్షణాలు, దాణా లెక్క, గుళికలు తిన్న పిల్లలు బాగుండడం, ఈ మూడింటి మీద బయోటిన్ లోపమని నిర్ణయించి, చికిత్సకు వచ్చే స్పందనతో సరిచూసుకోవాలనుకున్నాను. బయోటిన్‌ను మొదట విటమిన్ హెచ్ అనేవారు, జర్మన్ భాషలో చర్మానికున్న 'హౌట్' అన్న మాటను బట్టి. ఆ పేరే ఉండిపోతే మాలాంటి వాళ్లకు ఇంకా త్వరగా గుర్తొచ్చేదేమో.

ముక్కిన తవుడునంతా ఆపించాను. కొత్త దాణాలో నూనె తీసిన తవుడు, గోధుమ పొట్టు కలిపి 30 పాళ్లకు మించకుండా, మక్కలు 50, సోయా 14, పిప్పి 3, మిగిలినవి ఖనిజ లవణాలుగా కుదిర్చాం. ప్రతి లోడునూ గ్లాసు నీళ్లలో వేసి చూశాకే దింపుకోవాలని చెప్పాను. బి కాంప్లెక్స్ పొడిని తిరిగి మొదలుపెట్టి, దానికి అదనంగా 2 శాతం బయోటిన్ పొడిని టన్నుకు 50 గ్రాములు కలిపించాను. అంటే కిలో దాణాకు 1 మిల్లీగ్రాము. టన్నులో 50 గ్రాములు సమంగా కలవాలంటే ముందు కిలో మక్క పిండిలో, దాన్ని పది కిలోల పిండిలో, ఆ తర్వాతే మొత్తంలో కలపాలి. మొదటి వారం ఈ మెట్లు తప్పించి నేరుగా మిక్సర్‌లో పోశారని తెలిసి ఒక బస్తా మళ్లీ కలిపించాల్సి వచ్చింది. విటమిన్ ఇ ని తల్లులకు అవసరమైన కిలోకు 44 అంతర్జాతీయ యూనిట్లకు పైన ఉండేలా పెంచాం. సెలీనియం సూదులు అడిగారు గాని వేయలేదు; సెలీనియం ఎక్కువైనా గిట్టలు ఊడి, వెంట్రుకలు రాలతాయి, అప్పుడు ఏది రోగమో ఏది మందో తేల్చడం కష్టం.

పెరిగిన గిట్టలను కత్తిరించి, తెల్ల గీత సందుల్లోని మురికిని తీసి, 5 శాతం మైలతుత్తం నీళ్ల తొట్టిలో రోజు మార్చి రోజు నడిపించాం. చీము పట్టిన నాలుగింటికి పెన్సిలిన్ వేశాను. కుంటేవాటిని వరిగడ్డి పరిచిన పాత షెడ్డులోకి మార్చాం. స్లాట్ల అంచులను రాయితో నున్నగా అరగదీయించారు. డబ్బాను తీసేయమంటే కూలీకి నచ్చలేదు. చివరకు తక్కెడతో తూచి, రోజుకు రెండున్నర కిలోలు వచ్చేలా కొత్త డబ్బా మీద రంగుతో గీత గీశాం. సరుకు మారిన ప్రతిసారీ గీత మారాలని చెప్పాను.

అయిదో వారానికి వెంట్రుకలు విరగకుండా రావడం మొదలైంది, రెండు నెలలకు చర్మం మీది పొలుసులు రాలిపోయాయి. గిట్ట విషయంలో యజమాని ఓపిక నశించి రెండుసార్లు ఫోన్ చేశారు. పంది గిట్ట నెలకు 6 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే పెరుగుతుంది. పగిలిన కొమ్ము అతుక్కోదు, కొత్తది పైనుంచి దిగి పాతదాన్ని నేలకు నెట్టేదాకా ఆగాల్సిందే. అందుకే మొదటి తల్లి గిట్ట పైఅంచున ఇనుప రంపంతో సన్నగా ఒక గాటు పెట్టి, అది ఎంత దిగిందో ప్రతినెలా స్కేలుతో కొలిచి గోడ మీద చాక్‌పీసుతో రాయించాను. మూడో నెలకు గాటు 17 మిల్లీమీటర్లు దిగింది. దానిపైన వచ్చిన కొమ్ము నునుపుగా, గోరుకు గట్టిగా తగిలింది. కిందిది ఇంకా గీతలు పడి, పెళుసుగానే ఉంది. ఒకే గిట్ట మీద రెండు దాణాల చరిత్ర కనిపించింది.

14 కుంటు తల్లుల్లో 11 అయిదు నెలలకు మామూలుగా నడిచాయి. రెండు కొద్దిగా కాలు ఈడుస్తూనే ఎదకొచ్చి చూలు కట్టాయి. కీలు దాకా చీము పాకిన ఒకదాన్ని తీసేయాల్సి వచ్చింది. నెల ముందు పిలిచి ఉంటే అది కూడా దక్కేదని నా నమ్మకం. అక్టోబరు నుంచి బయోటిన్ పొడిని టన్నుకు 15 గ్రాములకు, అంటే కిలోకు 0.3 మిల్లీగ్రాములకు తగ్గించాం.

చివరిసారి వెళ్లినప్పుడు వానకాలం వడ్లు మళ్లీ మరకు వస్తున్నాయి. గేటు దగ్గర తవుడు లోడు ఒకటి ఆగి ఉంది. కూలీ ఒక బస్తా మూతి విప్పి, గాజు గ్లాసులో పిడికెడు వేసి, తేరేదాకా పక్కన కూర్చున్నాడు.